అన్న ఉప్పు

నల్లకొండ కడుపులో కంకాళభట్టు కట్టుకున్న ఇంటిని ఎవరైనా గుహ అంటే ఆయనకు ఒళ్ళు మండిపోయేదట. నిజం చెప్పాలంటే దాన్ని గుహ అనడానికి ఎవరికీ నోరు రాదు. ద్వారానికి ఇరుపక్కలా తొండాలు విరిగిన రాతి ఏనుగులు. వాటి కళ్ళలో పొదిగిన కెంపులు పట్టపగలు కూడా నిప్పుకణికల్లా మెరుస్తుంటాయి. లోపల అడుగడుగునా నాగబంధాలు చెక్కిన స్తంభాలు, నేల మీద పులిచర్మాలు, గోడల పొడుగునా బానలు, సొరకాయ బుర్రలు, రంగురంగుల సీసాలు. ద్వారం దాటగానే, పడమటి ఎండ పడే చోట, ముఖం చూసుకోవచ్చుననిపించే నల్లరాతి పలక. వెనక గోడ వారగా, మట్టి నేలను కోసుకుంటూ ఒక చల్లటి ఊటకాలువ పారి, బండ పగులులోకి దూరి మాయమవుతుంది. ఇన్ని సోకులు చేసుకున్నవాడు లోపల చేసే పనేమిటో తెలిస్తే మాత్రం తిన్న అన్నం అరగదు.

ఆ పొద్దున లవణసీమ యువరాజు శరభుడు ఆ ద్వారం ముందు నిలబడి, అతికించుకున్న గడ్డాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఒంటి నిండా బూడిద, మెడలో ఎముకల దండ, చేతిలో యోగదండం. దండం లోపల దాచిన సన్నటి కత్తి, గుప్తి. చూసినవాడెవడైనా ఉత్తరాది మంచుకొండల నుంచి దిగివచ్చిన బైరాగి అనే అనుకుంటాడు. వేటకు వెళ్ళిన అన్న సత్యంధర మహారాజు తిరిగి రాలేదు; ఆయన గుర్రం ఒక్కటే, జీను మీద తెల్లటి పొడి అంటుకుని, నురగలు కక్కుతూ కోటకు చేరింది. జాడ వెతుక్కుంటూ అడవులూ కొండలూ పడి వస్తే, అది ఈ ద్వారం దగ్గర తేలింది.

"రావయ్యా రా! శిష్యరికానికేనా? మొహం చూస్తేనే తెలుస్తోందిలే" అంటూ కంకాళభట్టు ఎదురొచ్చాడు. మనిషి బక్కపలచన, గొంతు తేనె. తాంబూలం నములుతూ, పెళ్ళివారిని పిలిచినంత ఆప్యాయంగా వెండిపళ్ళెం చాపాడు. పళ్ళెంలో చిటికెడు ఉప్పు. "ముందు మా ఇంటి మర్యాద అందుకో."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. లవణసీమ అంతా ఉప్పు మీద బతికే దేశం. అక్కడ గడప తొక్కిన ప్రతివాడికీ ముందు ఉప్పు పెడతారు. వచ్చినవాడు ఉంగరపు వేలితో దాన్ని అద్ది, నుదుటికి తాకించి, నాలుక మీద వేసుకుని "మీ ఉప్పు తిన్నాను" అంటాడు. ఆ మాటన్న తర్వాత ఆ ఇంటివాడి మీద చెయ్యెత్తితే, ఆ చెయ్యి మోచేతి దాకా కుళ్ళి రాలిపోతుంది. ఇది పిల్లల్ని భయపెట్టే మాట కాదు. అలా మొండిచేతులతో తిరిగేవాళ్ళను శరభుడు చిన్నప్పుడు సంతలో కళ్ళారా చూశాడు.

అంత తెలిసినవాడు ఏం చెయ్యాలి? "మా కొండల్లో ఈ ఆచారం లేదు స్వామీ" అని పక్కకు తప్పుకోవాలి. కానీ పుట్టిన దగ్గర్నుంచి పళ్ళెం కనిపించగానే ముందుకు చాపిన చెయ్యి అది. బుద్ధి వద్దనేలోపే ఉంగరపు వేలు ఉప్పులో మునిగింది, నుదుటిని తాకింది, నాలుక మీదకు చేరింది. "మీ ఉప్పు తిన్నాను" అన్న మాట కూడా నోటి నుంచి జారిపోయింది. ఆ మరుక్షణమే శరభుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కంకాళభట్టు తాంబూలం పక్కకు ఉమ్మి, కడుపు పట్టుకుని నవ్వాడు. "ఉత్తరాది బైరాగికి ఉంగరపు వేలెందుకు నాయనా? రా యువరాజా! నీకోసమే ఎదురుచూస్తున్నా. అయితే ఒక్క మాట. ఆ ఉప్పు ఎవరిదనుకున్నావు?"

శరభుడు ఖాళీ పళ్ళెం వైపు చూశాడు.

"మీ అన్నది! కాదు, మీ అన్నే! ఆయన్ని నిలువునా ఉప్పు చేసి, రోట్లో వేసి దంచి, ఇదిగో ఈ గంగాళంలో పోశాను. నీ మర్యాద కోసం ఒక్క చిటికెడు పక్కన ఉంచాను. రుచిగా ఉన్నాడా?"

శరభుడు గుమ్మంలోనే వంగి భళ్ళున వాంతి చేసుకోబోయాడు. ఏమీ రాలేదు. కరిగినది కరిగిపోయింది. నాలుక మీద ఆ ఉప్పదనం మాత్రం అలాగే నిలిచిపోయింది. అన్న తనను భుజాల మీద ఎక్కించుకుని ఉప్పు పండే మడుల గట్ల మీద పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి.

భట్టు తీరిగ్గా చెప్పుకుపోయాడు. గంగాళంలో ఉన్నది ఒక్క ఉప్పే కాదు, ఇసుకా కర్పూరమూ కూడా కలిపాడు. సాయంత్రం ఎండ నల్లపలక మీద పడే వేళ ఆ ఉప్పును పలక మీద పోసి, రక్తసంబంధం ఉన్నవాడు పేరు పెట్టి పిలిస్తే మనిషి లేచి కూర్చుంటాడు. ఏది కలిస్తే దానితో లేస్తాడు, ఏది తగ్గితే అది లేకుండా లేస్తాడు. ఆ వేళకే భట్టు తిరిగి వచ్చి, గంగాళం మొత్తం హోమగుండంలో పోసి, ఆ పొగ పీల్చి సత్యంధరుడి రూపం ధరిస్తాడు. రేపు లవణసీమ సింహాసనం మీద కూర్చునేది కంకాళభట్టే.

"మూలిక తేవాలి, వెళ్ళొస్తా. అందాకా అన్నకు తోడుగా కూర్చో. విడదీసుకోగలిగితే విడదీసుకో, నాకేం! నా మీద మాత్రం చెయ్యెత్తలేవు, నా ఉప్పు తిన్నావు" అని కుడిచెయ్యి ఊపాడు. గుమ్మం పక్కనున్న చక్రంలాంటి బండ గరగరమంటూ దొర్లి ద్వారాన్ని మూసింది. వెలుతురు దూరేంత సందు మాత్రం మిగిలింది.

శరభుడు గంగాళం మీదకు వంగాడు. బూడిదరంగు పొడి, మధ్యమధ్య తెల్లటి పలుకులు. కర్పూరం వాసన గుప్పున కొట్టింది. ఏడుస్తూ కూర్చుంటే ఏమొస్తుంది? అతను ఉప్పు దేశంలో పుట్టినవాడు. అక్కడ యువరాజులకు కూడా మీసం మొలిచే వయసులో మడుల్లో చాకిరీ తప్పదు. నీళ్ళు పోస్తే ఉప్పు కరుగుతుంది, ఇసుక కరగదు. వడగట్టి, ఎండేదాకా మరిగిస్తే ఉప్పు ఉప్పుగా చేతికొస్తుంది. ఇంతే కదా! కాలువలో చెంబు ముంచుకొచ్చి గంగాళంలో పోయబోయాడు.

ఎవరో వెనక నుంచి చెంబు మీద చాచి కొట్టారు. చెంబు ఎగిరి గోడకు తగిలింది.

"నీ అన్నొక్కడే ఉన్నాడనుకున్నావా అందులో? మా అయ్య గూడా ఉన్నాడు!"

తిరిగి చూస్తే ఒక అమ్మాయి. నెత్తిమీద జుట్టు గొరిగేసి ఉంది, ఒంటి మీద గోనెగుడ్డ, కళ్ళు మాత్రం మండిపోతున్నాయి. ఇందాక ఒక మూల గుహ ఊడుస్తూ, భట్టు సైగలకు తలూపిన పిల్ల. మూగది కాబోలనుకుని పట్టించుకోలేదు.

"నువ్వు... మాట్లాడతావా?"

"మాట్లాడతా. వాడి ముందర మూగదాన్ని, చెవిటిదాన్ని. అందుకే వాడు నోటికొచ్చిందల్లా నా ముందరే వాగుతాడు. నా పేరు గురివింద. శబరగిరి బొల్లిదొర కూతుర్ని. మీ అన్న కంటే ముందే మా అయ్యను పట్టాడు వాడు. మీ అన్నను ఉప్పు చేశాడు, మా అయ్యను సురేకారం చేశాడు. ఇద్దర్నీ ఒక్క రోట్లోనే దంచాడు దొరా. ఆ రోలు నా చేతే కడిగించాడు." ఆమె తన అరచేతులు చూసుకుంది. "ఆ కడుగునీళ్ళు గూడా పారబొయ్యలా. ఇగిరించి, గోకి, గంగాళంలోనే వేశా."

శరభుడు గోడ దగ్గర పడి ఉన్న చెంబు వైపు చూశాడు. మందుగుండులో వేసే సురేకారం కూడా తెల్లగానే ఉంటుంది, నీళ్ళలో కరిగిపోతుంది. తను అనుకున్నట్టు ఎండేదాకా మరిగిస్తే ఇద్దరూ ఒకే ముద్దగా దిగుతారు. పలక మీద పోసి పిలిస్తే, రెండు తలలో, నాలుగు కాళ్ళో, ఏం లేస్తుందో ఊహించుకోవడానికే భయం వేసింది.

"తప్పయింది గురివిందా. తొందరపడ్డాను."

"తొందరపడి ఒక చిటికెడు మింగావుగా. చాలు" అంది ఆమె. ఆ మాట శరభుడికి కత్తి దిగినట్టు తగిలింది. అన్నాక ఆమెకే మనసు చివుక్కుమంది కాబోలు, "ఏం చేద్దాం, చెప్పు" అని గొంతు తగ్గించి అడిగింది.

శరభుడికి వాళ్ళ ఉప్పుపెద్ద గుర్తొచ్చాడు. మడుల మీద అధికారి ఆయన, మహా కోపిష్టి. మడి పాడైతే కుర్రాళ్ళు కంగారుగా నీరు మార్చి, మట్టి మార్చి, తూమూ మార్చేవాళ్ళు. ఆయన కర్ర పుచ్చుకుని తరిమేవాడు. "అన్నీ ఒక్కసారే మారిస్తే దేనివల్ల బాగుపడిందో చచ్చినా తెలీదురా వెధవల్లారా! ఒక్కటి మార్చండి. చూడండి. అప్పుడు ఇంకొకటి ముట్టుకోండి. అదీ పక్కనున్న పనికిరాని మడిలో ముందు చేసి చూశాకే!"

"గంగాళం ముట్టుకోవద్దు. కొట్టులో మామూలు ఉప్పు, సురేకారం, కర్పూరం, ఇసుక ఉన్నాయా?" అని అడిగాడు శరభుడు.

"అన్నీ ఉన్నై."

"అవి కలిపి ఇలాంటిదే ఒక ముంతలో చేద్దాం. ఏం చేసినా ముందు ముంతకే. తగలబడితే ముంత తగలబడుతుంది."

ఆ మాట ఏ ఘడియలో అన్నాడో గాని అక్షరాలా జరిగింది. శరభుడి మొదటి ఉపాయం కర్పూరాన్ని వేడితో తరమడం. వేడి తగిలితే కర్పూరం కరిగే పని కూడా పెట్టుకోకుండా ఆవిరైపోతుంది, పైన చల్లటి మూత పెడితే దానికి మళ్ళీ తెల్లగా పేరుకుంటుంది. లెక్క బాగానే ఉంది. ముంతను పొయ్యి మీద పెట్టి మూత కాస్త తప్పించారో లేదో, ఆవిరికి మంట అంటుకుంది. కింద సురేకారం ఉండనే ఉంది, అది మంటకు ప్రాణం పోసింది. భగ్గుమని పచ్చటి జ్వాల పైకి లేచింది. శరభుడి పెట్టుడుగడ్డం చుర్రుమని మాడి ఊడిపోయింది. గురివింద కుడి ముంజేయి మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆమె కెవ్వుమని అరవబోయి, అలవాటు కొద్దీ నోరు నొక్కుకుంది. ఇన్నాళ్ళ మూగతనం నొప్పిలో కూడా వదల్లేదు పాపం.

ముంత రెండు చెక్కలైంది. అడుగున నల్లటి మసి. ఇద్దరూ దాన్ని చూశారు, ఆ తర్వాత గంగాళాన్ని చూశారు. 

"అది మా అయ్యయ్యుంటే..." అంది గురివింద.

"అందుకే ముంత" అన్నాడు శరభుడు మెల్లగా. ఆమె చేతిని కాలువ నీళ్ళలో ముంచి, తన పైగుడ్డ చింపి కట్టాడు.

రెండో ముంతలో ఒక్కటే మార్చారు. నిప్పు లేదు, చన్నీళ్ళు మాత్రమే. నీళ్ళు పోసి కలియబెట్టగానే ఇసుక అడుగుకు చేరింది, కర్పూరం పలుకులు పైకి తేలాయి, ఉప్పూ సురేకారమూ కంటికి కనిపించకుండా నీళ్ళలో కలిసిపోయాయి. తేలినదాన్ని చేత్తో తీసి, మిగతాది గుడ్డలో వడగట్టారు. అక్కడికి బాగానే ఉంది. ఆ నీళ్ళను ఎండేదాకా మరిగిస్తే మాత్రం గట్టి ముద్ద ఒకటి మిగిలింది. చిటికెడు తీసి నిప్పు మీద వేస్తే ఉప్పు చిటపటలాడింది, సురేకారం చుర్రుమని మెరిసింది. రెండూ ఒకే చిటికెలో.

"కలిసే ఉన్నారు" అంది గురివింద నీరసంగా.

"మళ్ళీ చేద్దాం. ఒక్కటే మారుద్దాం."

"మా వాళ్ళు సురేకారం ఎట్టా తీస్తారో తెలుసా? పశువులు కట్టిన చోట మట్టి తవ్వి, నీళ్ళల్లో కడిగి, ఆ నీళ్ళు కాచి, చలికి వదిలేస్తారు. పొద్దున్నకి సూదుల్లాంటి పలుకులు దిగుతై. వేడి మీద ఎన్నడూ దిగవు." అంటూనే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. శరభుడూ అదే క్షణంలో ఆమె వైపు తిరిగాడు. ఉప్పు సంగతి అతనికి తెలుసు. నీళ్ళు వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ఉప్పుకు ఒకటే, నీళ్ళు తగ్గితే చాలు, మరుగుతుండగానే పలుకు కడుతుంది.

మూడో ముంతలో నీళ్ళు బాగా ఇగిరాక, ఇంకా కుతకుతలాడుతుండగానే, చిల్లుల గరిటెతో పలుకులు తోడేశారు. మిగిలిన వేడినీళ్ళను ముంతతో సహా చల్లటి కాలువలో నిలబెట్టారు. కాసేపటికి అడుగున సన్నటి తెల్లటి సూదులు మొలిచాయి. గరిటెలోని పలుకు నిప్పు మీద చిటపటలాడింది, అంతే. సూది చుర్రుమని వెలిగింది, అంతే.

గురివింద నవ్వబోయి ఏడ్చేసింది.

అప్పటికే పొద్దు తిరిగింది. ఇక అసలు పని. శరభుడు గంగాళంలో నీళ్ళు పోసి మెల్లగా గరిటె తిప్పసాగాడు. కలియబెడుతున్నది అన్న గుండెనో, కళ్ళనో ఎవరికి తెలుసు? తేలిన కర్పూరాన్ని తీసి ఆ నీళ్ళతోనే కడిగారు. ఇసుకను గుడ్డలో కట్టి, ఉప్పంతా దిగేదాకా మళ్ళీ మళ్ళీ కడిగి ఆ నీళ్ళన్నీ గంగాళంలోకే వొంపారు. కింద మంట పెట్టాక శరభుడి నుదుటి నుంచి ధారగా చెమట కారింది.

"నుదుటికి గుడ్డ కట్టుకో దొరా! నీ చెమటా ఉప్పే. అందులో పడిందంటే నీ అన్నలో నువ్వు కలుస్తావు" అని గురివింద కసిరింది.

నీళ్ళు ఇగిరాయి. బుడగల మధ్య మొదటి పలుకు మెరిసింది. గరిటె నిండా, మళ్ళీ గరిటె నిండా, సత్యంధర మహారాజు పులిచర్మం మీద తెల్లగా పోగయ్యాడు. ఇంకా తోడబోతుంటే గురివింద అడ్డుపడింది. మంట అంతకుమించి ఉంచితే అయ్య కూడా అన్నతో దిగుతాడు.

"నీళ్ళలో మీ అన్న కొంచెం మిగిలే ఉంటాడు. మళ్ళీ కాచి మళ్ళీ తీద్దాం. ఇప్పుడు మాత్రం చల్లార్చాలి" అంది. గంగాళాన్ని ఇద్దరూ మోసి కాలువ ఒడ్డున చల్లటి మట్టిలో కుదురుగా నిలిపారు.

సరిగ్గా ఆ వేళకు బండ సందులోంచి పడమటి ఎండ ఎర్రగా జొరబడి నల్లపలక మీద పడింది. గురివింద గంగాళం వైపు చూసింది. అడుగున సూదులు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. "మా అయ్య ఇంకా దిగలా. మీ అన్నను లేపు. పో" అంది. ఆ మాట అనడానికి ఆమె పెదవి కొరుక్కోవడం శరభుడు చూశాడు.

ఉప్పంతా పలక మీద పోసి, ఒక్క రవ్వ కూడా మిగలకుండా పులిచర్మం దులిపి, శరభుడు గొంతు చించుకుని పిలిచాడు. "సత్యంధరా! అన్నా! లే అన్నా!"

ఎండ తగిలిన చోట ఉప్పు పొగలా లేచింది. ఆ పొగ గడ్డకట్టి పాదాలైంది, మోకాళ్ళైంది, విశాలమైన ఛాతీ అయింది. సత్యంధర మహారాజు పలక మీద లేచి కూర్చున్నాడు. అదే నుదురు, అదే చూపు. శరభుడు ఒక్క ఉదుటున వెళ్ళి వాటేసుకున్నాడు. అన్న ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎడమచేతి చిటికెనవేలు లేదు. అది గంగాళం నీళ్ళలో ఉండిపోయి ఉంటుంది, తీయవచ్చు. అన్న తమ్ముడి ముఖం చేతుల్లోకి తీసుకుని ఏదో అనబోయి నోరు తెరిచాడు.

నోట్లో నాలుక లేదు.

శరభుడు వెనక్కి తూలిపోయాడు. పొద్దున నాలుక మీద కరిగింది ఏమిటో అప్పుడు అర్థమైంది. పై ప్రాణాలు పైనే పోయాయి. "అన్నా, నేనే... నా చేతులారా..." అని మాట పూర్తి చేయలేక తల నేలకేసి కొట్టుకున్నాడు.

గరగరమని బండ పక్కకు దొర్లింది. గుమ్మంలో కంకాళభట్టు! చూసిన దృశ్యానికి ఒక్క క్షణం బిత్తరపోయాడు, అంతలోనే తేరుకుని కాలువ వైపు దూకి, గంగాళాన్ని మంత్రబలంతో బెండులా ఎడమచంకన ఎత్తుకుని గుమ్మంలోకి వెనక్కి నడిచాడు. వాడి వెనక లోయ. గంగాళంలో బొల్లిదొర.

"అయ్యా!" అని గురివింద అరిచింది.

"ఓహో, మూగది పలికిందే! రాజు మూగబోయాడు, దాసి పలికింది, బాగుంది వేళాకోళం" అన్నాడు భట్టు. గొంతులో తేనె పోయి విషం మిగిలింది. "కదిలారంటే ఇది లోయలోకి వొంపేస్తా. రాజా, వెళ్ళి హోమగుండంలో నీ అంతట నువ్వే కూర్చో. పిల్లా, నువ్వు నెయ్యి పొయ్యి."

శరభుడు దండంలోంచి గుప్తి దూశాడు. దూశాడు గాని చెయ్యి పైకి లేవలేదు. సంతలో చూసిన మొండిచేతులన్నీ కళ్ళ ముందు ఆడాయి. చెయ్యి పోతే పోయింది, పోయేలోపు దెబ్బ పడుతుందా? పడకముందే రాలిపోతే అన్న ఏమవుతాడు, ఆ పిల్ల తండ్రి ఏమవుతాడు?

భట్టు పకపకా నవ్వాడు. "ఎత్తవయ్యా! ఎత్తు చూద్దాం! నా ఉప్పు తిన్నావు!"

అప్పుడు పలక మీద నిలబడ్డ సత్యంధరుడి పెదవులు కదిలాయి. ఆయన నోటి నుంచి చడీచప్పుడూ లేదు. శరభుడి నోరు దానంతట అదే తెరుచుకుంది. అందులోంచి వచ్చిన గొంతు శరభుడిది కాదు. నిండు సభను గడగడలాడించిన గొంతు, చిన్నప్పుడు మడిగట్ల మీద తనను ఆటపట్టించిన గొంతు.

"కొట్టరా తమ్ముడూ! నువ్వు తిన్నది వాడి ఉప్పు కాదు. నా ఉప్పు!"

భట్టు ముఖంలో రక్తం ఇంకిపోయింది. తను చేసిన వేళాకోళం తనకే ఎదురుతిరిగిందని అప్పుడు తెలిసింది వాడికి. మంత్రం కోసం కుడిచెయ్యి గాలిలోకి లేపాడు. ఆ చెయ్యి మళ్ళీ దిగలేదు. గుప్తి ఒక్కసారి మెరిసింది, చెయ్యి మోచేతి దగ్గర తెగి గుహలో పడి, చేపపిల్లలా కొట్టుకుంది. శరభుడి చెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు.

భట్టు పెడబొబ్బ పెట్టి వెనక్కి, గుమ్మం అవతలి గట్టు మీద పడ్డాడు. వాడి చంకలోంచి గంగాళం జారి లోపలికి దొర్లింది. తెగిన చేతి వేళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి, ఆ కదలికకు బండ దబ్బున దొర్లి ద్వారాన్ని పూర్తిగా మూసేసింది. ఎండ ఆరిపోయింది. దివిటీల వెలుగులో గంగాళం బోర్లా పడి, నీళ్ళు మట్టినేల మీద పరుచుకుని కాలువ వైపు పాకుతున్నాయి.

గురివింద అరవలేదు, ఏడవలేదు. కాలువ అంచున నిలువునా బోర్లా పడుకుంది. బొబ్బలెక్కిన చేతిని ఒక వైపు, రెండో చేతిని ఇంకో వైపు చాపి, ఆ నీళ్ళకు తన ఒంటితోనే గట్టు కట్టింది. ఉప్పునీళ్ళు కాలిన చర్మానికి తగిలి ఒళ్ళంతా వణుకుతోంది. అయినా కదల్లేదు.

"ఇంకనియ్యి దొరా... నేలలోకి ఇంకనియ్యి. మట్టిలో పడితే పోయినట్టు కాదు. మా వాళ్ళు తీసేదే మట్టిలోంచి" అని పళ్ళు బిగబట్టి చెప్పింది.

అన్నదమ్ములిద్దరూ మోకాళ్ళ మీద కూలబడ్డారు. గంగాళం అడుగున అంటుకున్న సూదుల్ని రాలకుండా పక్కన పెట్టి, తడిసిన మట్టిని గోళ్ళతో తవ్వి పులిచర్మంలోకి ఎత్తసాగారు. మహారాజు తొమ్మిది వేళ్ళతో తవ్వుతున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. శరభుడి నోటి వెంట ఆయన గొంతు మెత్తగా వినిపించింది. "భయపడకమ్మా. మీ నాన్న ఇందులోనే ఉన్నాడు. నా వేలూ ఇందులోనే ఉంది. మా తమ్ముడి నోట్లో నా నాలుక ఉన్నట్టే. ఏదీ ఎక్కడికీ పోలేదు."

శరభుడు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, కన్నీళ్ళు ఆ మట్టిలో పడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బండ అవతల కంకాళభట్టు మూలుగు వినిపించింది. ఆ మూలుగులోంచే ఒక నవ్వు. కొండ కింద ఎక్కడో రాళ్ళు కూలిన చప్పుడైంది. గురివింద తల ఎత్తి కాలువ వైపు చూసింది. పగులులోకి పారే నీళ్ళు ఆగిపోయి ఉన్నాయి. వాడు బయటి నుంచి, మిగిలిన చేత్తోనే ఏదో మంత్రం వేసి, నీళ్ళు పోయే దారి మూసేశాడు.

కాలువలో నీళ్ళు అంచు దాకా లేచి, ఆమె వేళ్ళను తాకి, బొల్లిదొర ఇంకిన మట్టి వైపు మెల్లగా పొర్లడం మొదలుపెట్టాయి.